మా ఊరి ట్యాంకరుకు మోటారు, వీధుల్లో కెమెరాలు: రెండేళ్ల నా అనుభవం

మాది నల్లగొండ జిల్లాలో సాగర్ రహదారి నుంచి లోపలికి ఉండే ఊరు. నాలుగు వందలకు పైగా ఇళ్లు. ఎక్కువ మందిది పత్తి, చెరువు కింద కొంత వరి, కొన్ని కుటుంబాలకు బత్తాయి తోటలు. నేను మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. 2024 వేసవి నుంచి ఇప్పటిదాకా ఊరికి సీసీ కెమెరాలు పెట్టించే పనిలో, పంచాయతీ ట్యాంకరుకు నిప్పు ఆర్పే మోటారు బిగించే పనిలో తిరిగాను. పోలీసులకు, ఫైరింజన్‌కు మా ఊరి పన్నులో ఎంత పోతుంది, ఊరు తన సొంత డబ్బుతో ఏం చేసుకోవచ్చు అని మొదట్లో అడిగితే ఒక్కచోట పూర్తి సమాధానం దొరకలేదు. ఇదే పని మొదలుపెట్టాలనుకునే వేరే ఊళ్లవాళ్లకు ఎక్కడ ఎంతకాలం ఆగాల్సి వస్తుందో తెలియాలని రాస్తున్నాను.

2024 మార్చి చివరి వారంలో ఒక మధ్యాహ్నం ఎవరో చేనులో పత్తి కట్టె తగలబెట్టారు. గాలి తిరిగి నిప్పు గట్టు మీది ఎండుగడ్డికి, అక్కడి నుంచి మా ఎస్సీ వాడ అంచున ఉన్న గడ్డివాములకు అంటుకుంది. 101కు ఫోను చేసింది మా తోడికోడలు. దగ్గరి కేంద్రంలోని బండి అప్పటికే వేరే మండలంలో ఇంకో మంట దగ్గర ఉంది. దూరంగా ఉన్న మరో కేంద్రం నుంచి పంపుతున్నామని చెప్పారు. ఆ బండి వచ్చేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. సింగిల్ రోడ్డు మీద, ఎదురుగా ధాన్యం ట్రాక్టర్లు వస్తుంటే ఎవరైనా అంతకన్నా వేగంగా రాలేరు. వాళ్లను నేను తప్పుపట్టను.

ఆ గంటలో మాకు తెలిసొచ్చిన విషయాలు రెండు. మొదటిది కరెంటు. మంట స్తంభాల కిందికి రాగానే లైన్‌మన్ లైను ఆపేశాడు, ఆపాల్సిందే. కానీ లైను ఆగితే బోర్లు ఆగుతాయి. ఊరి చుట్టూ అన్ని బోర్లున్నా ఒక్క పైపులోనూ నీళ్లు రాలేదు. రెండోది పంచాయతీ ట్యాంకరు. రాష్ట్ర ప్రభుత్వ 'పల్లె ప్రగతి' కార్యక్రమం కింద ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు సమకూర్చారు కదా, మా ఊరి ట్యాంకరు ఆ రోజు నిండుగా ఉంది. మొక్కలకు పోయడానికి నింపి పెట్టారు. దాన్ని వాములకు ఇరవై అడుగుల దూరం దాకా తెచ్చి నిలిపారు. అడుగున ఉన్న కుళాయి తిప్పితే నీళ్లు నేల మీదికి కారాయి తప్ప వాము మీదికి ఎగరలేదు. ఆడవాళ్లం బిందెలు పట్టుకుని వరుసగా నిలబడ్డాం. ఐదు వేల లీటర్ల నీళ్లు పక్కనే ఉండగా కళ్లముందే రెండు గుడిసెలు కాలిపోయాయి. ఏడు వాములు, ఒక దూడ, ఒక బత్తాయి తోటలో డ్రిప్ పైపులు మొత్తం పోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఆ ట్యాంకరును చూస్తూ నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఈ పని పట్టుకోవడానికి అసలు కారణం అదే.

మంట ఆరాక గుడిసె పోయిన పెద్దమ్మ కొంగు ముడి విప్పి, ఫైరింజన్‌తో వచ్చిన వాళ్లకు డబ్బులు ఇవ్వబోయింది. "ఎంత ఇవ్వాలి బిడ్డా?" అని అడిగింది. వాళ్లలో పెద్దాయన ఆమె చేయి మూసి, "మాకు ఏమీ ఇవ్వొద్దు పెద్దమ్మా, ప్రభుత్వం జీతం ఇస్తుంది" అన్నాడు. వెళ్లేముందు ఆయనే ట్యాంకరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి పెట్రోలు మోటారు ఒకటి, ముప్పై మీటర్ల హోస్ పైపు ఒకటి ఉంటే మేం వచ్చేదాకా మీరే ఆపగలిగేవాళ్లు. కరెంటుతో పని ఉండదు" అని చెప్పాడు. ఆ మాట నేను సంఘం పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను.

ఆ వారమే ఇంటి పన్ను కట్టడానికి పంచాయతీకి వెళ్లాను. మార్చి నెలాఖరు కాబట్టి కారోబార్ ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్న రోజులవి. నా పన్ను 620 రూపాయలు. దాని మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే దాదాపు 50 రూపాయలు. మా ఊళ్లో గ్రంథాలయం లేదు, అయినా సెస్సు కడుతున్నాం. కట్టడంలో నాకు బాధ లేదు, జిల్లాలో ఎక్కడో ఒక పిల్ల ఆ డబ్బుతో చదువుకుంటుంది. కానీ నిప్పు ఆర్పేందుకు ఒక్క పైసా వరుస ఆ రసీదులో లేదు. పోలీసులకూ లేదు. కార్యదర్శిని అడిగితే, "అవి రెండూ రాష్ట్ర ప్రభుత్వ శాఖలు అక్కా, పంచాయతీకి సంబంధం లేదు" అన్నాడు.

మిగతాది మా ఊరి రిటైర్డ్ లెక్కల సారు చెప్పారు. పోలీసు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. అగ్నిమాపక సేవలు పట్టణాలకు బదలాయించదగిన 18 అంశాల్లో, అంటే పన్నెండో షెడ్యూలులో ఉన్నాయి. పల్లెలకు ఇచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నా అందులో నిప్పు మాటే లేదు. మన రాష్ట్రంలో పట్టణాల ఫైర్ స్టేషన్లు కూడా రాష్ట్ర శాఖ చేతిలోనే ఉన్నాయి. జీతాలు, బండ్లు, డీజిలు అన్నీ రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. "అంటే మనం కట్టడం లేదా?" అని అడిగాను. "ఎందుకు కట్టడం లేదు? పెట్రోలు పోయించినప్పుడు, భూమి రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు, సబ్బు కొన్నప్పుడు కడుతూనే ఉన్నాం. అది హైదరాబాదు వెళ్లి అక్కడి నుంచి రావాలి" అన్నారు.

ఏప్రిల్ మొదటి వారంలో ప్రత్యేకాధికారిని కలిశాం. 2024 ఫిబ్రవరి 2 నుంచి ఊళ్లకు సర్పంచులు లేరు, పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. మా అధికారికి మా ఊరితో పాటు మరికొన్ని ఊళ్లు, పైగా తన సొంత శాఖ పని. మంచిగానే మాట్లాడారు. కానీ లోక్‌సభ ఎన్నికల కోడ్ నడుస్తోంది, జూన్‌లో కోడ్ పోయేదాకా సభ పెట్టలేం, కొత్త పనికి తీర్మానం చేయలేం అన్నారు. రెండు నెలలకు పైగా ఏమీ చేయలేక కూర్చున్నాం. ఎండలు ముదిరే నెలలు అవే. రాత్రిళ్లు దూరంగా ఎక్కడ పొగ కనిపించినా లేచి కూర్చునేదాన్ని.

ఈలోగా దొంగతనాలు మొదలయ్యాయి. బోరు మోటార్ల రాగి తీగ, స్టార్టర్ డబ్బాలు, ఒక రాత్రి నాలుగు మేకలు. ఎస్సై గారు ఊరికి వచ్చి రచ్చకట్ట దగ్గర మాట్లాడారు. పోలీసు శాఖ చాలా కాలంగా నడుపుతున్న 'నేను సైతం' కార్యక్రమం గురించి చెప్పారు. ఊరివాళ్లు డబ్బు వేసుకుని కెమెరాలు పెట్టించుకుంటే, వాటిని స్టేషన్ నుంచి చూసే ఏర్పాటు వాళ్లు చేస్తారు. "ఒకేసారి వంద మంది, అంతకు మించి జనం వచ్చే దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు కెమెరాలు పెట్టాలని 2013 నుంచే చట్టం ఉంది. ఊరి రోడ్డుకు మాత్రం ఎవరినీ బలవంతపెట్టలేం, మీరే ముందుకు రావాలి" అన్నారు. ఆ సభలో మోటారు సంగతి కూడా నేను లేచి అడిగాను. రెండూ కలిపి చందా వసూలు చేద్దామని అక్కడే అనుకున్నారు. లెక్కలు నాకు అప్పజెప్పారు.

చందా జూన్ నుంచి ఆగస్టు దాకా సాగింది. నిజం చెప్పాలంటే కెమెరాలకు వచ్చినంత తేలికగా మోటారుకు రాలేదు. బోరు మోటార్ల దొంగతనం నిన్న జరిగింది, మంట మార్చిలో ఆరిపోయింది. పైగా మంటలో పోయింది వాడ అంచున ఉన్న ఇద్దరి గుడిసెలు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు కానీ చందా పుస్తకం చూస్తే కనిపిస్తుంది. కెమెరాలకు 1,41,500 రూపాయలు పోగయ్యాయి. బత్తాయి వ్యాపారి ఒకరు ఒక్కరే 40,000 ఇచ్చారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మా ఊరి పిల్లలు కొంత పంపారు. మోటారు ఖాతాలో వచ్చింది 11,200. అందులో సగం వాడవాళ్లు వంద, రెండు వందల చొప్పున ఇచ్చిందే. కూలి డబ్బుల్లోంచి తీసి ఇస్తుంటే ఆ నోట్లు లెక్కపెట్టడం నాకు చాలా కష్టమైంది. కానీ తీసుకోకపోతే వాళ్లను వేరుగా చూసినట్టు అవుతుందని తీసుకున్నాను.

ఖర్చు ఎలా అయిందో చెబుతాను. ఎనిమిది కెమెరాలు, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్, హార్డ్ డిస్క్ కలిపి 58,000. ఇనుప స్తంభాలు, వాటి కింద సిమెంటు దిమ్మెలు 34,000. కేబుల్, దాని మీద తొడిగే గొట్టాలు 27,000. కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టరు, బ్యాటరీ 17,000. కెమెరాలకే డబ్బంతా పోతుందనుకున్నవాళ్లు స్తంభాలు, కేబుల్ ధర విని ఆశ్చర్యపోయారు. మిగిలిన 5,500 ఇంటర్నెట్‌కు ఉంచాం. వానల వల్ల సెప్టెంబరంతా దిమ్మెలు వేయలేకపోయారు. దసరా వెళ్లాక, 2024 అక్టోబరు చివర్లో కెమెరాలు వెలిగాయి. రికార్డింగు దాదాపు పదిహేను రోజులు నిలుస్తుంది, ఆ తరువాత పాతది చెరిగిపోతుంది. ఫిర్యాదు చేయాలంటే ఆ లోపే చేయాలి. ఈ సంగతి ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

కెమెరాల స్థలాలు నిర్ణయించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎక్కువ చందా ఇచ్చినాయన తన గోదాము గేటు ముందు ఒకటి కావాలన్నారు. కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఇంకొకటి కిరాణా కొట్టు వైపు తిరిగింది. గుడి దగ్గర ఒకటి, బడి దగ్గర ఒకటి, ఊరి రెండు దారుల్లో రెండు, పంచాయతీ ముందు ఒకటి, చెరువు కట్ట మీద ఒకటి. ఎనిమిదీ అయిపోయాయి. వాడలో ఒక్కటి కూడా లేదు. దొంగతనాలు జరిగేది గోదాములో కాదు కదా అని అడిగితే, "డబ్బు పెట్టినవాళ్ల మాట వినాలి కదా చెల్లె" అన్నారు. చందా డబ్బుతో పోలీసు పని నడిస్తే చూపు ఎటు తిరుగుతుందో నాకు ఆ రోజు స్పష్టంగా అర్థమైంది. అదే పన్ను డబ్బు అయితే పదిహేను గజాల ఇంటికీ, గోదాముకూ ఒకే హక్కు ఉంటుంది. ఆ రోజు నుంచి, దీన్ని చందా నుంచి పన్నులోకి మార్చడం ఎలా అన్నదే నా ఆలోచన.

కెమెరాల వల్ల లాభం లేదని మాత్రం అనను. డిసెంబరులో ఒక రాత్రి ఊరి దారిలో ద్విచక్ర వాహనాన్ని గుద్ది వెళ్లిపోయిన ఆటో నంబరు దొరికింది. కాలు విరిగిన అబ్బాయికి బీమా దారి తెరుచుకుంది. మోటార్ల దొంగతనాలు ఆ యాసంగిలో తగ్గాయి.

2025 ఫిబ్రవరికి కోతులు రెండు చోట్ల కేబుల్ తెంపేశాయి. గొట్టం తొడిగినా కెమెరా దగ్గర ఒక మూర తీగ బయట ఉంటుంది, అక్కడ పట్టుకుని ఊగుతాయి. పిడుగుకు ఒక కెమెరా మాడిపోయింది. హార్డ్ డిస్క్ మొండికేసింది. ఇంటర్నెట్‌కు ఉంచిన 5,500 అయిపోయింది. మళ్లీ చందా పుస్తకం పట్టుకుని బయలుదేరితే ముఖాలు మారిపోయాయి. "మొన్ననే ఇచ్చాం కదమ్మా." నిజమే, ఇచ్చారు. కెమెరాలు కొనడానికి ఇచ్చినప్పుడు ఫొటో దిగారు, పేరు బోర్డు మీద రాయించాం. కోతి తెంపిన తీగకు డబ్బు ఇస్తే ఏ బోర్డు మీద పేరు వస్తుంది?

పంచాయతీని అడిగాం. కార్యదర్శి బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోయింది. అది వచ్చినా అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. పారిశుద్ధ్య కార్మికుల జీతం, వీధి దీపాల బిల్లు, ట్రాక్టరు డీజిలు. ఆ డీజిలు కొన్ని నెలలుగా తన జేబులోంచే పోస్తున్నానని ఆ అబ్బాయి తలవంచుకుని చెప్పాడు. అతని మీద కోపంతో వెళ్లినదాన్ని, ఏమీ అనలేక తిరిగి వచ్చాను.

మోటారు కొనడం ఆ ఏప్రిల్‌లో పూర్తయింది. మొదటి చందాకు మహిళా సంఘాలు కొంత కలిపాయి, డ్రిప్ పైపులు పోగొట్టుకున్న రైతు 8,000 ఇచ్చాడు. ఐదు హార్స్‌పవర్ పెట్రోలు మోటారు 19,000, కప్లింగులతో, అంటే పైపులను ఒకదానికొకటి కలిపే బిగింపులతో, రెండు హోస్ పైపులు 8,500, నాజిల్ 1,800, ట్యాంకరు వెనక ఇనుప చట్రం వెల్డింగుకు 3,200. మొత్తం 32,500. అగ్నిమాపక కేంద్రంలో అడిగితే కప్లింగు కొలత చెప్పి పంపారు. తమ హోస్ కూడా దానికి తగులుకునేలా ఉండాలన్నారు. ఇలాంటి పని చేసేవాళ్లు ఈ ఒక్క సంగతి మర్చిపోవద్దు. అంగడిలో వ్యవసాయానికి అమ్మే పైపు కొంటే కొలత కలవదు, ఫైరింజన్ వచ్చాక రెండూ పనికిరాకుండా పోతాయి.

అంతా కొన్నాక అడ్డం వచ్చింది. ట్యాంకరు ప్రభుత్వ ఆస్తి. దానికి ప్రైవేటు డబ్బుతో కొన్న వస్తువు తీర్మానం లేకుండా బిగించకూడదు. బిగిస్తే ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ సమాధానం రావడానికి రెండున్నర నెలలు పట్టింది. కాగితం ప్రత్యేకాధికారి నుంచి మండలానికి, అక్కడి నుంచి డివిజన్‌కు వెళ్లి, విరాళంగా స్వీకరించి స్టాకు రిజిస్టరులో రాయండి అని తిరిగి వచ్చింది. ఆ వేసవంతా మోటారు మా ఇంటి వసారాలో గోనె కప్పుకుని ఉంది. దాన్ని దాటుకుని వెళ్లిన ప్రతిసారీ గుండె మండేది. మే నెలలో చెరువు వెనక గట్టు అంటుకున్నప్పుడు మా మరిది, మరో ఇద్దరు దాన్ని ఆటోలో వేసుకుని వెళ్లి కుంటలో పైపు పెట్టి ఆర్పారు. చిన్న మంటే. అయినా అది పనిచేస్తుందని ఊరికి తెలిసింది. జూలైలో ట్యాంకరుకు బిగించారు.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా వార్డు మహిళలకు వచ్చింది, నేను నిలబడి గెలిచాను. ఇంటింటికీ తిరిగినప్పుడు నేను చెప్పింది ఒకటే: చందా అడగను, పన్ను పూర్తిగా కట్టండి, ఆ పన్నులోంచి ఈ పని చేయిస్తాను.

ఆ మాట చెప్పడానికి నా దగ్గర ఒక లెక్క ఉంది. కెమెరాలకు ఇంటర్నెట్, మరమ్మతులు, బ్యాటరీ కోసం దాచేది కలిపి ఏడాదికి దాదాపు 30,000. మోటారుకు పెట్రోలు, సర్వీసింగు, పైపు చిరిగితే మార్చడం 6,000. మొత్తం 36,000. మా 412 ఇళ్ల మీద పరిస్తే ఇంటికి ఏడాదికి 87 రూపాయలు. నేను కట్టే గ్రంథాలయ సెస్సుకు ఇంకో 37 రూపాయలు కలిపితే సరిపోతుంది.

జనవరి గ్రామసభలో ఈ లెక్క చదివాను. వ్యతిరేకించినవాళ్లు తక్కువేమీ కాదు. మా వరసకు బావ అయ్యే ఒకాయన లేచి, "పోలీసు జీతం, ఫైరింజన్ జీతం రాష్ట్రం ఇవ్వాలి. పెట్రోలు మీద, మందు మీద మన దగ్గర వసూలు చేస్తూనే ఉంది. మళ్లీ ఊరు ఎందుకు కట్టాలి? ఇవాళ కెమెరా అంటారు, రేపు జీపుకు డీజిలు పోయమంటారు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆయన మాటలో న్యాయం ఉంది. స్టేషను, బండి, సిబ్బంది రాష్ట్రం పనే, దాన్ని మన మీద వేసుకోకూడదు. మండలాల మధ్య ఒక్క బండి ఉంటే రెండోది కావాలని పోట్లాడాలి కూడా. నేను అదే చెప్పాను. కానీ బండి బయలుదేరి మన ఊరు చేరేదాకా ఉన్న సమయం ఏ ప్రభుత్వం బడ్జెట్‌లోనూ లేదు. ఆ గంట మనదే.

అప్పుడు ఒక పెద్దనాయన మాట్లాడాడు. ఎనభై దాటిన మనిషి. పటేల్ పట్వారీల కాలంలో ఊరి కాపలాకు కల్లం మీద అందరూ గింజలు కొలిచేవాళ్లని, పండినవాడు ఎక్కువ, పండనివాడు తక్కువ ఇచ్చేవాళ్లని చెప్పాడు. ఆ రోజుల్లో పోలీసు పటేల్ ఎవరి మాట వినేవాడో కూడా ఆయనే చెప్పాడు. "గింజలు ఎవరు ఎక్కువ కొలిస్తే వాళ్ల మాటే" అన్నాడు. సభ కాసేపు దాని మీదే నడిచింది. నా వాదన కన్నా ఆయన మాట ఎక్కువ పనిచేసింది.

ఇంటికి 87 రూపాయల కొత్త వరుస పెట్టాలన్న నా కోరిక మాత్రం నెరవేరలేదు. రసీదులో ఏ వరుసలు ఉండాలో పైన నిర్ణయించిందే, పంచాయతీ తన ఇష్టానికి పేరు కలపలేదని మండల అధికారులు చెప్పారు. చేయగలిగింది ఒకటుంది: ఇంటి పన్ను సరిగ్గా వేసి, పూర్తిగా వసూలు చేసి, సాధారణ నిధిలోంచి తీర్మానంతో ఖర్చు పెట్టడం. మా ఊరి డిమాండు, అంటే ఏడాదికి రావాల్సిన మొత్తం పన్ను, 2,46,000. అంతకుముందు ఏడాది వసూలైంది 1,71,000. పైగా పెంకుటింటి లెక్కన పన్ను పడుతున్న ఇళ్లలో చాలావాటి స్థానంలో ఇప్పుడు రెండంతస్తుల స్లాబులున్నాయి. తిరిగి కొలిస్తే 36,000 ఎక్కడికీ పోదు.

కొలత అనగానే ఊరి గాలి మారిపోయింది. కెమెరాలకు వేల రూపాయలు సంతోషంగా ఇచ్చినవాళ్లే టేపు పట్టుకున్న కారోబార్‌ను గుమ్మంలోకి రానివ్వలేదు. చందా ఒకసారి ఇస్తే పేరు వస్తుంది, పన్ను ప్రతి ఏడాదీ పెరుగుతుందని వాళ్ల భయం. ఒక వదిన నాతో నెల రోజులు మాట్లాడలేదు. ముందు మా ఇల్లు కొలిపించాను. నా పన్ను 620 నుంచి 940 అయింది. వార్డు సభ్యులందరివీ, సర్పంచ్‌దీ ఆ తరువాత కొలిచారు. అప్పటి నుంచి తలుపులు కొంచెం తెరుచుకున్నాయి.

జనవరి సమావేశంలో చేసిన తీర్మానాల వివరం ఇది. మోటారు, పైపులు పంచాయతీ ఆస్తి, వాటి నిర్వహణ ట్రాక్టరు, ట్యాంకరు ఖర్చు కింద. వారానికి ఒకసారి మోటారు నడిపి చూడాలి, ట్యాంకరు మార్చి నుంచి జూన్ దాకా రాత్రిళ్లు నింపే ఉంచాలి. నడపడానికి నలుగురు కుర్రాళ్ల పేర్లు, ఫోను నంబర్లు గోడ మీద రాయాలి. కెమెరాల బ్యాటరీ, హార్డ్ డిస్క్‌కు 14,000. చెక్కు మీద చట్టం ప్రకారం సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం చేశారు. జనవరి 28న చెక్కు ఖజానాకు వెళ్లింది. ఫిబ్రవరి మూడో వారంలో ఇది రాస్తున్నప్పటికి ఇంకా పాస్ కాలేదు. దుకాణదారు నా మీది నమ్మకంతో హార్డ్ డిస్క్ అప్పుగా ఇచ్చాడు, బ్యాటరీ ఇవ్వలేదు. కాబట్టి కరెంటు పోయినప్పుడు కెమెరాలు ఆగిపోతున్నాయి. ఇలాంటి పనికి దిగేవాళ్లు చెక్కు రాసిన రోజును డబ్బు వచ్చిన రోజుగా లెక్కపెట్టుకోవద్దు.

412 ఇళ్లలో 290 కొలత పూర్తయింది. గోదాము గేటు ముందున్న కెమెరాను వాడకు వెళ్లే దారి మలుపులోకి మార్చాలని కూడా తీర్మానంలో రాశాం. చందా తనదని, కెమెరా కదిలిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలని వ్యాపారి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు. వెనక్కి ఇవ్వాల్సి వస్తే పన్ను వసూళ్ల నుంచి వాయిదాల్లో ఇద్దామని నేను ప్రతిపాదించాను. మార్చి సమావేశం ఎజెండాలో అది మొదటి అంశం.